నాలుగో గుహ చెవి

1వ రోజు

దీపాల పెట్టె చచ్చిపోయింది. నా గిటార్ పద్దెనిమిదేళ్ళు దాంట్లోంచే పాడింది. లోపలి గాజు దీపం పగిలింది. ఇక్కడ ఇంకొకటి దొరకదు.

రోహిణి మేడమ్ కొత్త పెట్టె ఇచ్చారు. మా గుహకి పెద్ద ఆవిడే. పెట్టె ఆకాశం మీంచి దిగిన సరుకుల ఓడలో వచ్చిందట. రెండు అరచేతులంత ఉంది. లోపల వంద ఆంప్లిఫయర్ల నకళ్ళు ఉన్నాయట. ఏది కావాలంటే దానిలా పాడుతుందట. పొద్దుట్నుంచి గుహలో అందరూ దాన్ని నకలు పెట్టె అంటున్నారు.

ఈ పుస్తకం కూడా మేడమే ఇచ్చారు. ఏ రోజు ఏ మీట ఎంతలో పెట్టానో రాయమన్నారు. నా తర్వాత గిటార్ పట్టుకునేవాళ్ళకి పనికొస్తుందట. "ఎలాగూ మాట్లాడరు. రాయనైనా రాయండి, అసిరయ్య గారూ," అన్నారు.

కావలసింది ఒకటే. శుభ్రమైన ధ్వని. తీగ మీటితే తీగే వినబడాలి.

మొదటి నకలు పేరు 'స్వర్గ స్ఫటికం'. మీటాను. నూతిలో పదిమంది ఒకేసారి మూలిగినట్టుంది. కట్టేశాను.

3వ రోజు

పొద్దున్న గాలి కోసం పెంచే పాచి తొట్లు గీకాను. ఏడు తొట్లు. తర్వాత గుమ్మం గదికి వచ్చి పెట్టె ముందు కూర్చున్నాను.

తర్వాత వచ్చేవాళ్ళ కోసం పని రాస్తున్నాను. గుహలోంచి బయటికి పోయే గుమ్మానికి అటొకటి ఇటొకటి స్తంభాలున్నాయి. బయట ధూళి లేచినప్పుడు కళ్ళు పనిచేయవు. అప్పుడు నేను గిటార్ మీటుతాను. ఎడమ స్తంభం ధ్వని రేడియోలో బయటవాళ్ళ తలమీది గాలి కుండలో ఎడమ చెవికి పోతుంది, కుడి స్తంభం ధ్వని కుడి చెవికి. రెండూ సమంగా వినబడితే గుమ్మం ఎదురుగా ఉన్నట్టు. ఒక పక్క తగ్గితే దారి తప్పినట్టు. పెద్దదవుతుంటే దగ్గరపడుతున్నట్టు. అంతే పని.

మొదట్లో టిక్కు టిక్కుమనే యంత్రం పెట్టారు. ధూళిలో మెరుపులు కూడా టిక్కు టిక్కుమంటాయి. ఇద్దరు ఆ మెరుపుల వెనకాల పోయారు. మళ్ళీ రాలేదు. అప్పట్నుంచి మనిషి వాయిస్తేనే.

తీగకి మరకలు ఉండకూడదు. ప్రతిధ్వని ఉంటే ఎటునుంచి వస్తోందో తెలియదు. గెయిన్, అంటే పెట్టె లోపలికి పోయే ధ్వని బలం, ఎక్కువైతే బొంగురుపోతుంది. దూరంలోనూ దగ్గరలోనూ ఒకేలా ఉంటుంది. ఈ నకళ్ళు అన్నిటికీ ముందే మరకలు పూసి పంపారు. ఒక్కొక్కటీ తుడవాలి.

6వ రోజు

నలభై ఒకటో నకలు. చిన్న ఆంప్లిఫయర్, ఒకే స్పీకర్. గెయిన్ రెండున్నర. మాస్టర్ ఎనిమిది. బాస్ మూడు. ట్రెబుల్ ఐదు. ప్రతిధ్వని పెట్టే రివర్బ్ సున్నా. కోరస్ సున్నా. చిన్న ధ్వనినీ పెద్ద ధ్వనినీ ఒకే సైజుకి పిండే కంప్రెసర్ సున్నా. గిటార్ మీది వాల్యూమ్ పది కాదు, ఏడు. అలా తగ్గించేసరికి గొంతులో జిగురు పోయినట్టయింది.

నా చెవికి బాగుంది. చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

తవిటయ్యని బయటికి పంపాను. తవిటయ్య మా గుహ చెవి. తాడు కట్టుకుని నలుగురు బయటికి పోతే ముందు నడిచే మనిషిని చెవి అంటాం. స్వరం విని దారి పట్టేది ఆ ఒక్కరే. మిగిలినవాళ్ళకీ వినబడుతుంది గాని నోరెత్తకూడదు, తాడు పట్టుకుని వెనకాల రావాలి. నలుగురూ నాలుగు పక్కలకి లాగితే తాడు తెగుతుంది. ఒకసారి తెగింది కూడా.

తవిటయ్యని బావా అంటాను గాని చుట్టరికం లేదు. వచ్చిన ఓడలో పక్కపక్క పడకలు. అప్పట్నుంచి బావా అంటే బావా.

స్వరానికీ మాటకీ రేడియో దారి ఒకటే. స్వరం పోతుంటే మాట పోదు. అందుకని ధూళి లేని రోజు పరీక్ష చేస్తే బావ మైలురాయి దగ్గర నిలబడి దీపం చూపిస్తాడు. ఒకసారి వెలిగితే బాగుంది. రెండుసార్లు వెలిగితే బాగోలేదు.

రెండుసార్లు వెలిగింది.

లోపలికి వచ్చి తలమీది కుండ తీసి అరిచాడు. ఇక్కడ గాలి పలచన. అందరం అరుస్తాం. పెదాలు చూసి మాట పట్టుకుంటాం.

"బావో! పాలల్లో బూడిద పడినట్టున్నాది. ఇంకేటైనా సూడు!"

చూస్తాను. చెవి అతనిది.

11వ రోజు

యాభై ఎనిమిదో నకలు. ట్రెబుల్ ఏడు. రెండుసార్లు వెలిగింది. "గరగరమంటన్నాది" అన్నాడు.

అరవైయో నకలు. కంప్రెసర్ నాలుగు. ఒకసారే వెలిగింది. "ఇది కాస్త నయం. ఇంకొంచెం పిండు," అన్నాడు.

పిండాను.

19వ రోజు

అరవైయో నకలే. కంప్రెసర్ ఏడు. ట్రెబుల్ ఎనిమిది. చిన్నగా మీటినా గట్టిగా మీటినా ఒకటే సైజు. నాకు నచ్చలేదు. దూరం, దగ్గర ఎలా తెలుస్తుంది అనిపించింది.

బావ మాత్రం ఒకసారే వెలిగించాడు. లోపలికి వచ్చి నా భుజం మీద చరిచాడు.

"అద్దం బావా, అద్దం! నీ ఏలు పడితే ఇనుమైనా పలుకుతాది."

డెబ్బై ఏళ్ళొచ్చాయి నాకు. నా చెవులే పాడైపోయాయనుకున్నాను. బావ మాట రాసుకుని నా మాట కొట్టేశాను.

నేను వాయిస్తే బాగుందని ఎదురుగా నిలబడి చెప్పింది ఈ గుహలో అతనొక్కడే. మిగిలినవాళ్ళు బతికి లోపలికి వస్తారు, కుండలు తగిలిస్తారు, అంబలికి పోతారు. అది తప్పు కాదు.

27వ రోజు

మేడమ్ అంబలి గదిలో చెప్పారు. దక్షిణం పక్క నీళ్ళు తగ్గాయి. ఉత్తరం పక్క కొత్త పైపు వేయాలి. ముప్పై ఆరో రోజున నలుగురు బయలుదేరాలి. ముందు తవిటయ్య. వెనకాల చిలకమ్మ. ఆ వెనక పైపుల వాళ్ళు ఇద్దరు.

ఉత్తరం పక్క ఇంతవరకు ఎవరూ నడవలేదు. రాళ్ళ గుర్తులు లేవు.

చిలకమ్మ నాకు ఎదురుగా కూర్చుంది. పైపుల అతుకులు వేస్తుంది. నలభై ఏళ్ళుంటాయి. నోరు పెద్దది.

"అసిరి మావా! నీ నకలు పెట్టె సరిగ్గా పాడతాదా, లేపోతే మేం నలుగురం అటే ఎల్లిపోవాలేటి?"

నేను తల దించుకున్నాను. బావ నా బదులు అరిచాడు.

"నానున్నాను కదే! మా బావ పాట నాకు నిద్దట్లోనైనా ఇనబడతాది!"

33వ రోజు

ఈ రోజు రాయడం కష్టంగా ఉంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆఖరి పరీక్ష. బావ మైలురాయి దగ్గరకి పోయాడు. నేను రెండో తీగ కొంచెం దిగిందని శ్రుతి మీట తొక్కాను. అది తొక్కితే స్తంభాలకి ధ్వని పోదు. నా చెవిలో మాత్రం వినబడుతూనే ఉంటుంది. శ్రుతి చేసుకున్నాను. మళ్ళీ తొక్కాలి. మరిచిపోయాను.

వాయించాను. చాలాసేపు వాయించాను. బయట దీపం ఒక్కసారి వెలిగింది. చాలాసేపు వెలిగించి ఉంచాడు. అంత సంతోషం అన్నమాట.

పుస్తకంలో అంకెలు రాయడానికి పెట్టె మీదికి వంగాను. శ్రుతి దీపం పచ్చగా వెలుగుతోంది.

స్తంభాల నుంచి ఏమీ పోలేదు. ఒక్క తీగ కూడా పోలేదు.

బావ లోపలికి వచ్చాడు. కుండ తీశాడు. మొహం వెలిగిపోతోంది.

"ఇన్నాళ్ళకి దొరికింది బావా! ఇంత సుబ్బరంగా నువ్వెప్పుడూ వాయించలేదు!"

నేను పుస్తకం మూసేశాను.

34వ రోజు

నిద్ర పట్టలేదు. పొద్దున్న తొట్లు గీకుతూ లెక్క వేసుకున్నాను. ముప్పై మూడు రోజులు. పదిహేను పరీక్షలు. పుస్తకం తిప్పి చూశాను. బూడిద పడినట్టుంది. గరగరమంది. అద్దం. ఇంకొంచెం పిండు. అన్నీ నేనే రాశాను. అతను చెప్పినట్టు.

బావకి చెప్పాలి. ఎలా? ఇక్కడ గుసగుస లేదు. అరిస్తే గుహ అంతా వింటుంది. రాసి ఇద్దామంటే అతనికి చదువు రాదు.

అంబలి గదిలో ఎదురుగా కూర్చున్నాను. గొంతు తీయలేదు. పెదాలు మాత్రం కదిపాను. ఎల్లుండి ఎళ్ళకు బావా.

"ఎందుకెళ్ళను? పైపులు నీ తాతొచ్చి ఏస్తాడేటి?" అని అరిచాడు.

పక్కవాళ్ళు మా ఇద్దరి వైపు చూశారు. అప్పటికే నా పెదాలు ఆగాయి, నేనేమన్నానో వాళ్ళకి తెలియదు. బావ ఒక్కడికే తెలిసింది.

వాళ్ళు తల తిప్పుకున్నాక మళ్ళీ పెదాలు కదిపాను. నీకు వినబడదు.

అతని చేతిలో గరిటె ఆగింది. నన్ను చూశాడు. తర్వాత గిన్నె చూశాడు. అంబలి సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయాడు.

తనే మేడమ్ దగ్గరకి పోయి చెబుతాడనుకున్నాను.

35వ రోజు

చెప్పలేదు. బయటికి పోయేవాళ్ళ పలక మీద ఇంకా మొదటి పేరు అతనిదే.

నేను మేడమ్ గది దాకా వెళ్ళాను. తలుపు తీశారు. "ఏమిటి అసిరయ్య గారూ?" అన్నారు. ఆవిడ వెనకాల ఇద్దరు పైపుల వాళ్ళు నిలబడి ఉన్నారు. తీగలు అయిపోతున్నాయని చెప్పాను. సరే తెప్పిస్తానన్నారు. వచ్చేశాను.

నడవలో బావ ఎదురయ్యాడు. తల తిప్పుకోలేదు. నా కళ్ళలోకి చూశాడు, నిలబడ్డాడు, ఏదో అడిగినట్టు చేయి కొంచెం ఎత్తాడు, వెళ్ళిపోయాడు. చెబుతావా అని కాదు ఆ చూపు. చెప్పవులే అని.

నా నోరు పెగలదని అతనికి తెలుసు. దాని మీదే నడవబోతున్నాడు. ఇంకో ముగ్గురిని కట్టుకుని.

36వ రోజు

పొద్దున్న నలుగురూ పోయారు. నేను తొట్లు గీకే టైముకి గుమ్మం మూసేశారు. ఇంకా ధూళి లేదు కదా, తొట్లు అయ్యేదాకా చూద్దాం, ఈలోగా మేడమ్‌కి చెబుదాం అనుకున్నాను. అలా అనుకుంటూ నాలుగో తొట్టి గీకుతుంటే గంట కొట్టారు. ధూళి.

గుమ్మం గదికి పరిగెత్తాను. ఈ వయసులో దాన్ని పరుగంటారో లేదో.

పెట్టెలో అరవైయో నకలు ఉంది. బావ మెచ్చినది. అది తీసేశాను. ఆరో రోజు పేజీ తీశాను. నలభై ఒకటి. గెయిన్ రెండున్నర. మాస్టర్ ఎనిమిది. అన్నీ నా చెవి చెప్పినట్టే పెట్టాను. గిటార్ వాల్యూమ్ ఏడు. శ్రుతి దీపం ఆరిందో లేదో రెండుసార్లు చూశాను.

వాయించాను. ఒక్కొక్క తీగ. మీటి, పూర్తిగా చచ్చిపోయేదాకా ఆగి, మళ్ళీ మీటి.

ఇరవై నిమిషాల్లో రావాలి. ముప్పై అయింది. వాళ్ళ కుండల్లో గాలి రెండు గంటలకే సరిపోతుంది.

మేడమ్ వెనకాల వచ్చి నిలబడ్డారు. గది నిండా జనం. నా వీపు మీద చూపులు. మీటుతూనే ఉన్నాను. ఎంత శుభ్రంగా ఉందో ఆ ధ్వని. నా జన్మలో అంత శుభ్రంగా వాయించలేదు. ముందు నడిచేవాడికి మాత్రం అది లేదు.

చెయ్యి తీగల మీద వేసి ఆపేశాను.

స్వరం ఆపకూడదు. ఆగితే తాడు ఎక్కడిదక్కడ ఆగిపోవాలని నియమం. మేడమ్ నా భుజం పట్టుకున్నారు. "ఏం చేస్తున్నారు!" అని అరిచారు.

మాట మీట నొక్కాను. నోరు తెరిచాను. మొదట గాలే వచ్చింది.

"చిలకమ్మా. నేను అసిరయ్యని. తవిటయ్యకి వినబడదు. చెవుడు. ముందుకి నువ్వు నడు. తాడు నువ్వు లాగు. మళ్ళీ వాయిస్తాను, రెండు చెవుల్లో సమంగా ఉన్న వైపు రా."

బయట ముగ్గురికి వినబడింది. గదిలో అందరికీ వినబడింది. గుహంతా మారుమోగింది. వినబడనిది ఒక్కడికే.

మళ్ళీ వాయించాను. ఇరవై నాలుగు నిమిషాలు. వేలు తెగి తీగ తడిసింది. తడిస్తే ధ్వని మందగిస్తుంది, చొక్కాకి తుడిచి మళ్ళీ మీటాను.

గుమ్మం చప్పుడైంది. మొదట చిలకమ్మ. వెనక ఇద్దరు. ఆ వెనకాల, తాడు ఆఖర్న, బావ.

చిలకమ్మ కుండ తీసి గోడకి జారగిలబడింది.

"మొదట్నుంచీ ఎడం పక్కే ఇనబడతన్నాది మావా. మీ బావేమో కుడికే పోతన్నాడు. రూలు కదా అని నోరు మూసుకున్నాను. నీ పాట ఆగింది. మేం ముగ్గురం ఆగాం. మీ బావ ఆగలేదు. తాడు బిగిసి పడిపోయినాడు. అప్పుడు నీ మాటొచ్చింది. ఇంక నానే లాక్కొచ్చినాను, గింజుకుంటన్నా సరే."

బావ కుండ తీశాడు. ఒక్కొక్కరి మొహం చూశాడు. ఎవరూ పెదాలు కదపలేదు. అయినా అర్థమైంది.

"ఎవుడు సెప్పినాడు?" అన్నాడు.

అందరూ నన్ను చూశారు.

37వ రోజు

మేడమ్ విచారణ చేశారు. అంబలి గదిలోనే. నన్నూ కూర్చోమన్నారు.

"ఎప్పట్నుంచి?" అని ఆవిడ బావని అడిగారు.

"మూడేళ్ళు."

"మరి ధూళిలో ఎలా తెచ్చావు జనాన్ని?"

"దచ్చినం పక్క నాకు రాయి రాయీ తెలుసు మేడమ్. కాళ్ళతోటే వొచ్చీసేవోడిని. లోపల తొట్లు గీకడం నా వొల్ల కాదు. ఆకాసం సూడకపోతే నాను సచ్చిపోతాను. అందుకే."

మేడమ్ నా వైపు తిరిగి మీరేమైనా అడుగుతారా అన్నారు. నేను బావ ఎదురుగా జరిగాను.

"పదిహేను పరీక్షలు. కొన్నిటికి బాగుందన్నావు. కొన్నిటికి బాగోలేదన్నావు. ఎలా చెప్పావు?"

"అన్నీ బాగున్నాయంటే నువ్వు నమ్మీవోడివేటి? మద్దిలో రెండు మూడు తిట్టాల. అప్పుడే నమ్ముతావు."

ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆరో రోజుది తిట్టవలసిన వంతులో పడింది. అంతే.

ఇంకొకటి అడగాలి. అడగకుండా ఉంటే బాగుండేది.

"రెండేళ్ళ కిందట గుహ పండగలో వాయించాను. దీపాల పెట్టె మీద. నువ్వు ముందు కూర్చున్నావు. ఏడ్చావు."

"ఏడ్చినాను."

"ఎందుకు? నీకు వినబడలేదు కదా."

బావ నా వంకే చూశాడు.

"నీ మొకం సూసి," అన్నాడు.

అది ఏ రకం మాటో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియలేదు. ఆ రోజు నా పాట ఒకరు విన్నారని రెండేళ్ళుగా నాలో నేను అనుకుంటూ బతికాను. దాని మీద బతకొచ్చని కూడా నాకు అప్పుడే తెలిసింది.

బావ బయటికి పోయే అనుమతి చీటీ మేడమ్ చింపేశారు. తవిటయ్యకి తొట్ల పని. నా పక్క తొట్లే.

38వ రోజు

తొట్లు పద్నాలుగు. ఏడు నావి, ఏడు అతనివి. గీకుడు చప్పుడు నాకు వినబడుతుంది.

అతను బాగా గీకలేదు. అడుగున పాచి ఉండిపోయింది. అతను వెళ్ళాక నేను గీకాను. ఎందుకో తెలియదు. పాచి కుళ్ళితే అందరికీ కష్టం.

40వ రోజు

ఇప్పుడు చెవి చిలకమ్మ. పరీక్ష చేశాం. నలభై ఒకటో నకలు, ఆరో రోజు అంకెలు.

రెండుసార్లు వెలిగింది.

లోపలికి వచ్చి చెప్పింది. "ధూళిలో పేణం మీదున్నాం కాబట్టి అమృతంలా ఇనబడింది మావా. తీరిగ్గా ఇంటే ముక్కుతో పాడినట్టున్నాది."

ట్రెబుల్ నాలుగుకి దించాను. మళ్ళీ రెండుసార్లు. బాస్ రెండున్నర. మళ్ళీ రెండే. ఇంతకీ ఆరో రోజుది కూడా అంత బాగా లేదు. నా చెవీ పూర్తిగా నిజం చెప్పలేదు. రాసుకున్నాను.

చిలకమ్మ అంబలికి పోయింది. నేను పెట్టె తుడుస్తున్నాను. నేల మీద నీడ పడింది. బావ గది వాకిట్లో నిలబడ్డాడు. చేతులకి పాచి పచ్చగా అంటుకుని ఉంది. లోపలికి రాలేదు. పోలేదు.

నేను గోడవైపు తిరిగాను. నా పెదాలు అతనికి కనబడవు.

అప్పుడు చెప్పాను. చెప్పవలసిందంతా గోడకి చెప్పాను. అరిచే చెప్పాను. నలభై రోజులది, మూడేళ్ళది, ముగ్గురిని తాడుకి కట్టుకుని నా పిరికితనం మీద నడిచినది. నీ పాట బాగుందని ఇంకెవరైనా అంటే ఈ జన్మలో నమ్మలేనన్నది. అతను తొట్ల మధ్య వంగి ఉంటే చూడలేకపోతున్నానన్నది కూడా చెప్పాను. నాలో అన్ని మాటలున్నాయని నాకే తెలియదు. గొంతు బొంగురుపోయింది.

ఇటు తిరిగాను. ఇంకా అక్కడే ఉన్నాడు.

"ఏటన్నావు బావా?" అన్నాడు.

అతనికి కనబడేలా, మెల్లగా, ఒక్కొక్క అక్షరం పెదాల మీద పెట్టి చెప్పాను.

"ఏమీ లేదు."